చుక్క పెట్టని పేపర్లు

పదో తరగతి ఇంగ్లీషు పేపర్ల కట్టను రమేష్‌బాబు సారు టేబుల్ మీద ధబీమని పడేశాడు.

"చూడండి మేడమ్! ఒక్క పేపర్లోనైనా ఫుల్‌స్టాప్ ఉందేమో వెతకండి. కామా లేదు. వాక్యం మొదట్లో పెద్దక్షరం లేదు. క్లాసు క్లాసంతా ఇంతే!"

హెడ్మిస్ట్రెస్ రాఘవమ్మ ఆత్మకూరు నుంచి ఈ ఊరి ఆడపిల్లల హైస్కూలుకు బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. ఒక పేపరు తీసి చదివింది. ఊపిరి తీసుకుందామంటే ఎక్కడా ఆగే చోటు లేదు.

అమ్మాయిలంతా గోడవారన నిలబడ్డారు. అందరికంటే ముందు సాయిరా, ఇంగ్లీషులో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల. దాని వెనకే, దాని చున్నీ కొస పట్టుకుని, తలొంచుకున్న సుస్మిత.

"ఏంది సాయిరా, నువ్వు కూడానా?"

"మాకు రాదు మేడమ్."

"నీకు రాదా!"

"ఫుల్‌స్టాప్ యాడ పెట్టాలో తెలీదు. మాలో ఎవరికీ తెలీదు."

సారుకు ఒళ్లు మండిపోయింది. "పొగరు మేడమ్! ఫుల్‌స్టాపులు రానివాళ్లను బడి అయ్యాక ఆపి, నా టైమ్ పోగొట్టుకుని స్పెషల్ క్లాసు చెప్తున్నాను. ఆ సుస్మిత పోయిన పరీక్షలో ఒక్క కామా తప్పలేదు. అయినా వదలకుండా చదివిస్తున్నాను. ఈ సాయిరా దాన్నీ చెడగొట్టింది. టీసీ చేతిలో పెడితే తిక్క కుదురుతుంది."

టీసీ అంటే మాటలా! పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఇప్పుడు బడి పోతే చదువూ పోయినట్టే. అయినా సాయిరా తల దించలేదు.

"ఇచ్చేయండి మేడమ్. రానిది రాదనే చెప్తాం. మాక్కూడా స్పెషల్ క్లాసు కావాల. అందరికీ."

రాఘవమ్మకు కోపం పోయి నవ్వొచ్చింది. "అడిగి మరీ క్లాసు పెట్టించుకునే పిల్లల్ని ఇప్పుడే చూస్తున్నా. ఇంకేం సార్, ఈ సాయంత్రం నుంచే అందర్నీ కూర్చోబెట్టండి."

రమేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "ఇంతమందిని ఆ చిన్న గదిలో ఎట్లా మేడమ్? ఉదయగిరి బస్సు కూడా తప్పిపోతుంది వీళ్లకు."

"వరండాలో పెడదాం. నేనూ వచ్చి కూర్చుంటా. బస్సు నేనెక్కిస్తా."

"మీకెందుకండీ శ్రమ. అసలీ స్పెషల్ క్లాసే మానేద్దాం."

మెచ్చుకోలు కోసం ఇందాకటిదాకా చెప్పుకున్న క్లాసును అంత తేలిగ్గా వదిలేశాడు మహానుభావుడు! గోడవారన ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. రాఘవమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఇన్నాళ్లూ ఆ గదిలో ఎంతమంది కూర్చునేవాళ్లు?"

సారు పేపర్ల కట్ట సర్దసాగాడు. సాయిరా పక్కకు జరిగింది. చున్నీ కొస వదిలేసి సుస్మిత తలెత్తింది.

"నేనొక్కదాన్నే మేడమ్."