సరళగారి చెయ్యి

అరుగు మీద రెండు తివాచీలు పరిచి ఉన్నాయి. ఒకదానికి సరళ పేరు చీటీ. రెండోదానికి ఆమె తోడికోడలు ఉదయశ్రీ పేరు చీటీ.

హైదరాబాదులో నేతపనుల ప్రదర్శన పెడుతున్న గీతాంజలి ఏలూరు వచ్చింది వీటి కోసమే. చెప్పులు విప్పి, సరళ చీటీ ఉన్నదాని ముందే చతికిలబడింది.

"పారశీకపు పూలతీగల మధ్య కొల్లేటి గూడబాతు! ఎక్కణ్ణించో వచ్చిన పనిని మీ ఊరి పని చేసేశారండీ సరళగారూ," అంది, అరచేత్తో నిమురుతూ.

సరళ కొంగు నిండుగా కప్పుకుని నవ్వింది.

కాఫీ తెచ్చిన ఉదయశ్రీకి ఒళ్ళు మండింది. పేపర్లో ఫొటో అక్కదే. సభల్లో శాలువా అక్కకే. పెళ్ళయి వచ్చిన కొత్తలో మగ్గం మీద ముడి వెయ్యడం నేర్పింది అక్కే, కాదనదు. అయితే మాత్రం, ఎన్నాళ్ళు?

"ఇది మీదా అమ్మా?" గీతాంజలి పక్కకి తిరిగింది. "ఇందులోనూ గూడబాతుందే! అక్కగారిదాన్ని చూసి దించారన్నమాట. బాగానే ఉంది గానీ, ఆ ప్రాణం రాలేదు."

ఉదయశ్రీ కాఫీ గ్లాసు ఠపీమని అరుగు మీద పెట్టింది. సరళ తల వంచుకుంది.

"సరళగారూ, ఒక్క ముడి వేసి చూపిస్తారా? వీడియో తీసుకుంటాను."

"నేను వేస్తానండీ," ఉదయశ్రీ గబుక్కున ముందుకొచ్చింది.

"మీరొద్దమ్మా. నేనొచ్చింది ఆ చెయ్యి చూద్దామని."

'వెయ్యక్కా, వేసి చూపించు' అన్న మాట ఉదయశ్రీ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"పరాయివాళ్ళ ముందు ముడి వెయ్యనండీ. మా అత్తగారి దగ్గర పెట్టుకున్న ఒట్టు," అంది సరళ మెల్లిగా.

గీతాంజలి ఇంకా మురిసిపోయింది. "అదీ కళాకారిణి అంటే!" సరళ పేరు మీద ఇంకో పెద్ద తివాచీ కావాలని చెప్పి కారెక్కింది.

"కోపమొచ్చిందా ఉదయా?"

"అందరికీ నువ్వే కావాలి. నేనెవరి కంటికీ ఆనను."

సరళ కళ్ళు నిండాయి.

ఉదయశ్రీ విసురుగా వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి, రెండేళ్ళ కిందట అక్క వేళ్ళు చచ్చుబడిపోయినప్పట్నించీ చేస్తున్నట్టే, అక్క మగ్గం ముందు కూర్చుని, సరళ పేరుతో వెళ్ళే ఇంకో తివాచీకి మొదటి ముడి వేసింది.