ఎడమ పక్క

ఒక పెరట్లో చుక్కలపెట్ట అనే కోడి ఉండేది. తన ఈకల సోకు చూస్తే నెమలికైనా కన్నుకుడుతుందని అదే చెప్పుకు తిరిగేది. ఓనాడు వంటింట్లోంచి ఎవరో చూసుకోకుండా కాగే గంజి దాని మీద పారబోశారు. ప్రాణమైతే దక్కింది గానీ, ఎడమ పక్కన ఈకలు మళ్లీ మొలవలేదు.

అప్పట్నుంచి ఆ బోసిపక్కను గోడకేసి తిప్పుకుని, గోడవారగానే నడిచేది. తర్వాత పది పిల్లల తల్లయినా, వాటిని కుడిరెక్క కిందే పొదువుకునేది.

ఒకరోజు జడివాన పట్టుకుంది. పిల్లలన్నీ ఒక్క రెక్క కింద ఇమడలేదు. అన్నిటికన్నా చిన్నది వణుక్కుంటూ వెళ్లి ఎడమరెక్క కింద దూరింది.

"అటు వద్దే తల్లీ! అక్కడ ఈకల్లేవు, చలేస్తుంది," అంది పెట్ట సిగ్గుతో ముడుచుకుపోతూ.

కాసేపటికి లోపల్నుంచి నిద్రగొంతు వినిపించింది.

"ఇక్కడ నీ ఒళ్లే తగుల్తోందమ్మా. ఇంత వెచ్చటి చోటు ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?"

అంతే, మిగతా తొమ్మిదీ అటు ఎగబడ్డాయి.

"నెమ్మదర్రా, చచ్చేట్టున్నాను!" అని కసురుతూనే పెట్ట ఆ రెక్కను ఇంకాస్త ఎత్తింది.

మర్నాడు ఎండ కాసింది. అలవాటుగా గోడవార నడవబోయింది పెట్ట. కుదరలేదు. గోడకీ తనకీ మధ్య పది పిల్లలున్నాయి.