ఇంటివాళ్ళ వరుస

“ఒరేయ్ అరవై ఎనిమిదీ! బంతి వేస్తున్నావా, పెళ్ళివాళ్ళ మీద బియ్యం చల్లుతున్నావా?”

మిల్ట్ ఓస్టర్‌మన్ అరుపుకి చుట్టుపక్కల వాళ్ళంతా పగలబడి నవ్వారు. చేతిలో చల్లటి బీరు, నెత్తిన ఫ్లోరిడా ఎండ. ఊళ్ళో మంచు ఎత్తిపోసే పని పక్కింటివాడికి అప్పజెప్పి వచ్చాడు. మార్చి నెలలో ఆయనకి ఇంతకన్నా ఏం కావాలి?

బేస్‌బాల్ మైదానం మధ్యలో, మట్టి దిబ్బ మీద, బంతులు విసిరే పిచర్ ట్రెంట్ విల్కాక్స్ తల వంచుకుని బూటుతో మట్టి గీకుతున్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనే రెండు పరుగులు సమర్పించుకున్నాడు.

“సన్నాహక మ్యాచేగా. లెక్కలోకి రాదు, వదిలెయ్” అంది మిల్ట్ భార్య డారీన్.

“మనకి రాదే, వాడికి వస్తుంది. అరవై ఎనిమిదో నంబరు చొక్కా ఇచ్చారంటేనే తెలియట్లా? జట్టులో చోటు ఖాయమైనవాడికి అంత పెద్ద నంబరెందుకిస్తారు? పిచర్లలో ఇక మిగిలింది ఒక్క చోటు. అది వీడికో, ఆ కోరీ హాల్‌బర్గ్‌కో. కోరీ నిన్న ఏదో పర్లేదనిపించాడు. వీడు ఇవాళ బాగా వేస్తే వీడికి, లేదంటే వాడికి. ఇద్దరిలో ఒకడు ఇంటికే!” మిల్ట్ మళ్ళీ లేచి నిలబడ్డాడు. “దిగిపోరా నాయనా, ఇంటికెళ్ళి గడ్డి కోసుకో!”

ముందు వరుసలో ఒక యువతి కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగేళ్ళ పాప. ఆ అరుపుకి యువతి భుజాలు ముడుచుకున్నాయి. పాప ఉక్కపోస్తోందని పేచీ పెడితే స్వెట్టర్ విప్పింది. పాప చొక్కా వీపు మీద పెద్ద అక్షరాలతో అరవై ఎనిమిది.

మిల్ట్ బీరు గొంతులోనే ఆగిపోయింది. ఆ వరుస టికెట్లు అమ్మరు. ఆటగాళ్ళ ఇంటివాళ్ళ కోసమే అట్టిపెడతారు. ఏటా ఇక్కడే కూర్చునే మిల్ట్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

“నాన్నని ఎందుకు తిడుతున్నారు?” అని అడిగింది పాప.

“తిట్టడం కాదు ఐవీ. ఆటలో అలా అరుస్తారంతే” అందామె, పాప చెవులు మూస్తూ.

డారీన్ మొగుడి డొక్కలో ఒక్క పోటు పొడిచింది. ముందుకు వంగి యువతి భుజం మీద చెయ్యి వేసింది. “ఏమనుకోకు తల్లీ. ఈయన నోటికి తాళం వెయ్యడం నలభై ఏళ్ళుగా నా వల్ల కాలేదు. నీ పేరేంటమ్మా?”

“నోరా.”

“పాప ఎంత ముద్దుగా ఉందో! కళ్ళు అచ్చం నీవే.”

నోరా నవ్వలేదు. పాప జుట్టు సరిచేసింది.

“మనసులో పెట్టుకోకమ్మాయ్” అన్నాడు మిల్ట్. ఆయన మొహం కందగడ్డలా ఉంది. “ఇంత టెన్షన్ ఎలా పడుతున్నావో ఏమో.”

“ఎనిమిదేళ్ళుగా ఇంతే” అంది నోరా, కళ్ళు మైదానం మీదే ఉంచి. “చిన్న జట్లు, బస్సు ప్రయాణాలు. ఈసారీ పిలుపు రాకపోతే ఆట మానేస్తానంటున్నాడు. పొద్దున్నే పెట్టె కూడా సర్దేసుకున్నాడు.”

ఆ మాటతో మిల్ట్ మెత్తబడిపోయాడు. ఇందాక తిట్టిన నోటితోనే పొగడడం మొదలుపెట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో ట్రెంట్ మొదటివాణ్ణి ఔట్ చేశాడు. “శెభాష్ రా అబ్బాయ్!” రెండోవాణ్ణీ ఔట్ చేశాడు. మిల్ట్‌ని చూసి వరుసలకు వరుసలు లేచి చప్పట్లు కొట్టాయి. జనానిదేం పోయింది? ఎటు తిప్పితే అటు తిరుగుతారు.

ఐవీ ఒళ్ళో నుంచి దూకి గంతులేసింది. నోరా మాత్రం పాలిపోయిన మొహంతో పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

“ఇప్పుడే సంబరపడకు ఐవీ. ఇంకా అయిపోలేదు” అంది.

నిజంగానే అయిపోలేదు. తరవాతి వాడికి నాలుగు బంతులూ దూరంగా విసిరి, వాడు బ్యాటు ఊపకుండానే మొదటి బేస్ ఇచ్చేశాడు ట్రెంట్. ఆ తరవాతి వాడికీ అంతే. నోరా రెండు చేతులూ గుప్పిట బిగించి గడ్డం కింద పెట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి అడుగుతోందని డారీన్‌కి తెలిసిపోయింది. తనూ కళ్ళు మూసుకుని ఆ అమ్మాయి కోరిక తీర్చమని వేడుకుంది.

బ్యాటు చప్పుడైంది. బంతి ఎడమవైపు కంచె దాటి, కొబ్బరిచెట్లు దాటి, కార్ల మధ్య ఎక్కడో పడింది. హోమ్ రన్. బేస్‌ల మీదున్న ఇద్దరూ, కొట్టినవాడూ కలిసి మూడు పరుగులు.

ఈసారి మిల్ట్ అరవలేదు. అరిచేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. “బస్సెక్కరా!” అని ఒకడు, “ఆ బస్సైనా సరిగ్గా ఎక్కు!” అని మరొకడు. మేనేజర్ తాపీగా దిబ్బ దాకా నడిచొచ్చి చెయ్యి చాపాడు. ట్రెంట్ బంతిని ఆ చేతిలో పెట్టాడు. ఇవాళ్టికి ఇక అతని ఆట ముగిసినట్టే.

నోరా రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. డారీన్ కూడా ఏడ్చేసింది. మిల్ట్ పరుగున వెళ్ళి రెండు నిమ్మరసాలు కొనుక్కొచ్చి వాళ్ళ ముందు పెట్టాడు.

“ఇంకో ఏడాది ఓపిక పట్టమని చెప్పమ్మాయ్” అన్నాడు గొంతు సవరించుకుని. “ఈ ముసలాడు అన్నాడని చెప్పు.”

నోరా తల ఊపింది. ట్రెంట్ తల దించుకుని మైదానం దాటుతుంటే, ఐవీ ఆ వరుస చివరికి పరుగెత్తి రెండు చేతులూ ఊపుతోంది.

నోరా కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీసి, పాపకి వినబడకుండా గొంతు తగ్గించి అంది: “సర్దిన పెట్టె విప్పెయ్ కోరీ, ట్రెంట్ పనైపోయింది, ఐవీని వాళ్ళమ్మకి అప్పజెప్పి వచ్చేస్తా.”