ఊయల మీద ఎర్ర గీత

కూతురి బిడ్డకు వడ్రంగి తన చేత్తో చేస్తున్న ఊయల తెల్లారేసరికి పూర్తి కావాలి. నున్నగా చిత్రిక పట్టిన పక్కచెక్క మీద మళ్లీ ఎర్ర పెన్సిల్ గీత చూసి అతనికి ఒళ్లు మండింది. పని నచ్చకపోతే తండ్రి పెట్టే గుర్తు అది. తండ్రి పోయి ఏడాదయింది. మూడుసార్లు చెరిపినా మూడుసార్లూ వచ్చింది.

“బతికున్నన్నాళ్లూ ఒక్క పనీ మెచ్చుకోలేదు. పోయాక కూడా వంకలేనా నాన్నా? అంత చేతనైతే నువ్వే చేసుకో!” అని లైటార్పి గుమ్మం వైపు నడిచాడు.

వెనక చీకట్లో చిత్రిక సర్రుసర్రుమని సాగి, ఆగింది. చెక్క మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. చిన్నప్పుడు, రెండో కొస పట్టుకోమని తండ్రి అలాగే పిలిచేవాడు.

“వస్తున్నా ఉండు, ఎందుకా తొందర!” అని అలవాటుగా విసుక్కుని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక గాని ఒళ్లు జలదరించలేదు. అప్పటికే చెక్క కొస అతని చేతికి అందింది.