ఎర్రదారం పెట్టె

"సింగపూర్‌కి ఎంతసేపు పడుతుంది నాయనా?"

షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగాడు ఎవరో పెద్దాయన.

జడ్సన్ తలెత్తలేదు. ఈ లెక్క అతనికి కంఠోపాఠం.

"చెన్నై నుంచి రెండువేల తొమ్మిది వందల కిలోమీటర్లు. నాలుగుంపావు గంటలు."

"విమానానికి సరే. పీతకి?"

జడ్సన్‌కి ఒళ్ళు మండింది. తోటపల్లి గూడూరులో మండపీతలు కొని, బతికుండగానే సింగపూర్‌కి పంపే వ్యాపారం అతనిది. వరసగా రెండుసార్లు సగం సరుకు దారిలోనే చచ్చింది. ఇంకోసారి చస్తే ఆర్డరు ఆపేస్తానని అక్కడి వ్యాపారి సెల్వం తేల్చి చెప్పేశాడు. ఆర్డరు పోతే షెడ్డుకి తాళమే.

పెద్దాయన వేళ్ళు మడుస్తున్నాడు.

"ఇప్పుడు పొద్దున ఆరుకే పీతల డెక్కలు కడతా ఉండారు. సాయంత్రం నాలుగుకు వ్యాను. రాత్రి పదకొండుకు విమానం. అక్కడ పెట్టె తెరిచేది మర్నాడు ఎనిమిదిన్నరకు, మనకు అప్పుడు ఆరు. ఈ ఎండల్లో నీళ్ళు లేకుండా ఇరవైనాలుగు గంటలు నాయనా."

"పొద్దున్నే కట్టడం మా నాయన కాలం నుంచి ఉండేదే."

"అప్పుడు విమానం మధ్యాహ్నం. పోయిన నెలే గదా రాత్రికి మారింది."

"చెప్పేదానికి నువ్వెవరయ్యా?"

పెద్దాయన నొచ్చుకోలేదు. "నాది దొరవారిసత్రం. ఒక్క పెట్టె నన్ను కట్టనీ."

జడ్సన్ భార్య రెజీనా కల్పించుకుంది. "ఒక్కటే గదా, కట్టనీయండి."

ఆయన ముప్పై పీతల్ని మూడున్నర దాకా ఉప్పునీళ్ళ తొట్టిలోనే ఉంచాడు. వ్యాను వచ్చే ముందు చకచకా కట్టి, తడిగోనె పరిచి, పెట్టెకి ఎర్రదారం చుట్టాడు. ఆ చేతినేర్పు చూసి రెజీనాకి ముచ్చటేసింది.

"వ్యాన్లో నన్నూ చెన్నై దాకా తీసకపోతారా?"

"పీతలకే చోటు లేదు," అన్నాడు జడ్సన్.

నిజానికి డ్రైవరు పక్క సీటు ఖాళీ. పెద్దాయన సంచీ తగిలించుకుని బస్సు కోసం నడిచాడు. ఆయన పేరైనా ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే సెల్వం ఫోను. జడ్సన్ గుండె చిక్కబట్టుకుని ఎత్తాడు.

"మళ్ళీ సగం పోయినాయి," అన్నాడు సెల్వం తనకొచ్చిన తెలుగులో. "ఎర్రదారం పెట్టెలో మాత్రం ముప్పైకి ముప్పై బతికుండాయి. ఇకమీదట అన్నీ అట్లే కట్టు. ఆర్డరు ఆపను."

జడ్సన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతకు మించి సిగ్గేసింది.

"ఆ పెద్దాయన్ని వెతికి పట్టుకుంటా. దొరవారిసత్రం అంతా గాలిస్తా."

"అక్కడ దొరకడు," అన్నాడు సెల్వం. "పదహారేళ్ళుగా ఇక్కడ నీ పెట్టెలు తెరిచే మా ముత్యాలయ్యే ఆయన. తన ఊరి వైపు సరుకని, నీకు ఇంకొక్క అవకాశం ఇవ్వమని నా కాళ్ళావేళ్ళా పడి, సెలవు పెట్టి, సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని అక్కడికి వచ్చినాడు. రాత్రి నీ పీతలొచ్చిన విమానంలోనే తిరిగొచ్చి, ఇదిగో, ఇప్పుడు చచ్చినవాటిని ఏరతా ఉండాడు."