వాన వాయిదా

“మీ దేవుడు పత్తి తీస్తాడాండీ? రేపు వానంట, కూలీలు దొరకలేదు,” అంది శివపార్వతి, విరిగిన కాలు మంచంమీద చాపుకుని.

ఆమె కోసం ప్రార్థన చేద్దామని పక్క ఊరి చర్చి నుంచి వచ్చిన పాస్టరు జక్రయ్య, భార్య ఎలీసమ్మ, మరో ముగ్గురు ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. జక్రయ్య బైబిలు కిటికీలో పెట్టి, ప్యాంటు పైకి మడిచాడు.

సాయంత్రానికి సగం చేను పత్తి తీసి, శివపార్వతి మంచం దగ్గరికి తిరిగొచ్చారు.

“మోకాళ్లు వంగట్లేదమ్మా, నిలబడే ప్రార్థన చేస్తాను,” అని జక్రయ్య నడుం పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “ప్రభువా, రేపటి వాన ఎల్లుండికి జరుపు. మాకింకా సగం చేను ఉంది.”

శివపార్వతి తలెత్తింది. మెల్లగా అడిగింది: “రేపు కూడా వస్తారా?”

“మేమొస్తాం,” అంది ఎలీసమ్మ. “ఈయన సంగతి ఈయన నడుమునే అడగాలి.”