నలభై రెండో పుట

మా దీవిలో, వైనిబుకా లోయలోని మా బడికి కొత్త పేరు పెట్టే రోజు. పేరు పలక మీద గుడ్డ కప్పి ఉంది. ఒక దొర మా నది మీద రాసిన యాత్రా గ్రంథాన్ని లోకమంతా మెచ్చుకుంది కాబట్టి, బడికి ఆయన పేరు. చర్చిలో వాక్యం చెప్పేవాణ్ణి గనుక, దీవించమని హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచింది; ఆమె పేరు లొసలీని.

"దీవించను," అన్నాను.

"ఇదేంటి పెద్దయ్యా, ఊరంతా చూస్తుంటే! అసలా పుస్తకం చదివారా?"

"నలభై రెండో పుట దగ్గర ఆపేశాను."

"బైబిల్ దినవృత్తాంతాల్లో వంశావళులు కూడా వదలకుండా చదివే మనిషికి ఇది బరువైందా?"

"వాటిలో ప్రతివాడికీ పేరుంది తల్లీ. ఇందులో లేదు."

వేదిక మీద పెట్టిన పుస్తకం తీసుకుని, ఆ పుట తెరిచి మైకులో చదివాను: "నది దాటేటప్పుడు మోతకూలీ ఒకడు కొట్టుకుపోయాడు. అదృష్టం, పెట్టెలు దక్కాయి."

"ఆ కూలీ పేరు పెనియాసి. మా తాత! నదులు దాటేవాడికి తోడుంటానన్న దేవుడు, ముందు వాణ్ణి పేరు పెట్టి పిలిచాడని యెషయా ప్రవక్త చెప్పాడు. మా తాతను పేరు పెట్టి పిలవనివాడి పేరును నేను దీవించను!"

లొసలీని గుడ్డ లాగే తాడు వదిలేసింది. అరచేతులు గుల్లగా చేసి, పెద్దల ముందు గౌరవంగా మేం కొట్టే చప్పట్లు నెమ్మదిగా కొట్టింది. ఆమె వెనకే తల్లులు, పిల్లలు, చివరికి ఊరంతా.

బడి పాత పేరుతోనే నడుస్తోంది. ఆ పుస్తకం నేనిప్పటికీ పూర్తి చేయలేదు. చేయను.